వెబ్లీ కాదు, విక్టరీ: విశాఖ వన్‌టౌన్ ఇంటి .38 రివాల్వర్ గురించి

మీ ప్రశ్నలు నాలుగు. తాతగారి దగ్గర్నుంచి నాన్నగారి లైసెన్సు మీదికి వచ్చిన ఈ రివాల్వర్ అసలు ఏ జాతిది? బాబాయిగారు అంటున్నట్టు ఇది ఇంగ్లీషు వెబ్లీయేనా? ఆ తళతళలాడే నికెల్ కంపెనీ పూతేనని షాపతను చెప్పినది నిజమా? బీరువాలో దానితోపాటు దొరికిన .38 స్పెషల్ తూటాలు ఇందులో పేల్చవచ్చా? నాన్నగారు పోయాక దాన్ని వన్‌టౌన్ ఇంట్లోనే ఉంచుకోకుండా లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చేశారు, రసీదు తీసుకున్నారు, ఫోటోలు కూడా అక్కడే తీశారు. చాలామంది చెయ్యని పని అది. అయితే తూటాల డబ్బా ఇంకా ఇంట్లోనే ఉందని రాశారు. ముందు దాన్ని కూడా తీసుకెళ్ళి అప్పగించి రసీదులో రాయించండి. తుపాకీకి లైసెన్సు ఎంత అవసరమో తూటాకీ అంతే అవసరం.

పొట్టి జవాబు ఇదీ. మీ రివాల్వర్ అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్ళో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ చేసిన విక్టరీ మోడల్. బ్రిటిష్ సైన్యం అప్పట్లో వాడిన .380 తూటా కోసం 1943 ప్రాంతంలో తయారైంది. ఆ తర్వాత బ్యారెల్ (గొట్టం) కోశారు, తూటాలు కూర్చునే గదుల్ని, అంటే ఛాంబర్లని, పొడుగు చేశారు, నికెల్ వేశారు, పిడి పలకలు మార్చారు. ఇవన్నీ ఒకే రోజు, ఒకే చేత్తో జరిగినవి కావు. పేల్చకండి.

ఇక పొడుగు జవాబు. నేను పోలీసు ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనిలో, పనిచేసి రిటైరయినవాణ్ణి. పాత తుపాకీ చేతికొస్తే "ఇది ఏ కంపెనీది" అన్న ప్రశ్న మొదటి నిమిషంలోనే తేలిపోతుంది. కష్టమైన ప్రశ్న వేరే ఉంది: దీని మీద ఏ పని ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది? అది తేలితే ధర, భద్రత, చివరికి ఇంట్లో చెప్పుకునే కథ కూడా వాటంతట అవే తేలిపోతాయి.

వెబ్లీ ఎందుకు కాదో ముందు చెప్తాను. బాబాయిగారి మనసులో ఉన్నది మొదటి ప్రపంచ యుద్ధపు వెబ్లీ మార్క్ 6 అయుండాలి. 1915లో సైన్యం తీసుకున్న .455 బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) రివాల్వర్ అది. ఆరంగుళాల బ్యారెల్, కిలో దాటిన బరువు. దాని వెన్ను మీద గుర్రపు రికాబు ఆకారంలో ఒక లివర్ ఉంటుంది. బొటనవేలితో దాన్ని నొక్కితే బ్యారెల్, తూటాలుండే సిలిండర్ రెండూ కలిసి ముందుకి వంగి తుపాకీ నడుం దగ్గర విరిగినట్టు తెరుచుకుంటుంది, ఖాళీ కేసులన్నీ (పేలిన తూటాల ఇత్తడి డొల్లలు) ఒక్కసారిగా పైకి లేస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి .38 వెబ్లీ మార్క్ 4 కూడా అలాగే విరుస్తుంది, ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 కూడా అంతే. ఆ ఎన్‌ఫీల్డ్ అచ్చంగా తమ డిజైనేనని వెబ్లీ కంపెనీ సొంత ప్రభుత్వంతోనే పోట్లాడింది, అంత దగ్గరి పోలిక. మీ ఫోటోలో ఉన్నదానికి ఆ మడత కీలే లేదు. ఫ్రేము సిలిండర్ పైనుంచి చుట్టూ ఒకే ముక్కగా ఉంది, సిలిండర్ ఎడమ పక్కకి బయటికి వస్తోంది. ఈ ఒక్క ఫోటోతో వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ రెండూ పక్కకి తప్పుకున్నాయి.

పక్కకి సిలిండర్ వచ్చే పాత సైనిక రివాల్వర్లలో మన దగ్గర ఎక్కువగా కనపడేవి కోల్ట్, స్మిత్ అండ్ వెసన్. ఈ రెంటినీ ముద్ర చదవకుండానే వేరు చెయ్యొచ్చు. సిలిండర్ వదిలే గొళ్ళేన్ని కోల్ట్‌లో వెనక్కి లాగాలి, స్మిత్‌లో ముందుకి తొయ్యాలి. కోల్ట్‌లో ఖాళీ కేసుల్ని బయటికి తోసే కడ్డీ (ఎజెక్టర్ రాడ్) కొస గాల్లో వేలాడుతుంది. స్మిత్‌లో బ్యారెల్ కింద ఒక చిన్న బుడిపె ఆ కొసని పట్టుకుని ఉంటుంది. మీ ఫోటోలో బుడిపె స్పష్టంగా ఉంది. స్మిత్ పోలికతో స్పెయిన్‌లో బోలెడు నకళ్ళు తయారయ్యాయి, మన దగ్గర నాటు నకళ్ళకీ కొదవ లేదు. వాటిలో స్క్రూ తలలు, ఫ్రేము పక్కన మూతలా ఉండే సైడ్ ప్లేట్ అతుకు చూస్తే మొరటుతనం తెలిసిపోతుంది. మీ దాని సైడ్ ప్లేట్ అంచు వేరే కారణం వల్ల చెదిరింది. ఆ సంగతి నికెల్ దగ్గర చెప్తాను.

పిడి అడుగున "వి" అక్షరం, దాని తర్వాత మూడు లక్షల చిల్లర నంబరు ఉన్నాయి. ఇదే అసలు ఆధారం. 1942 వేసవిలో ఈ మోడల్ నంబర్లు పది లక్షలకి చేరాయి. అప్పుడు కంపెనీ "విక్టరీ" అనే మాటలోని మొదటి అక్షరం పెట్టి మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలెట్టింది. మూడు లక్షల వరస అంటే దాదాపు 1943. 1944 చివర్లో అక్షరాలు "ఎస్‌వి" అయ్యాయి. లోడ్ చేసిన విక్టరీ ఓడ మీద కిందపడి పేలి ఒక నావికుడు చనిపోయాక, లోపల హ్యామర్‌ని (తూటాని పేల్చే సుత్తిని) అడ్డుకునే కొత్త కమ్మీ పెట్టారు, అది ఉన్నవాటికి ఆ "ఎస్" చేర్చారు. మీ దానికి "ఎస్" లేదు. అంటే కిందపడితే పేలే అవకాశం ఉన్న పాత తరహాది. పేల్చకపోయినా సరే, ఎవరూ దీన్ని ఎప్పుడూ నింపి పెట్టకూడదు అనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇంట్లో కథ ప్రకారం 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు పోర్టులో పనిచేస్తున్న తాతగారు ఒక ఇంగ్లీషు ఆఫీసరుని కాపాడారు, ఆయన తన నడుముకున్న రివాల్వర్ తీసి ఇచ్చేశాడు. బాంబులు పడ్డ మాట నిజం. ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు ఆ రోజు విశాఖనీ కాకినాడనీ కూడా కొట్టాయి. తాతగారు ఎవర్నో కాపాడారనడానికి నేను అడ్డు చెప్పను. కానీ ఆ రోజుకి ఈ రివాల్వర్ ఇంకా పుట్టలేదు. ఆ ఆఫీసరు ఏదైనా ఇచ్చి ఉంటే అది వేరే వస్తువు.

ఇది తాతగారి చేతికి ఎప్పుడు వచ్చి ఉంటుందో కూడా తుపాకీయే చెబుతోంది. బ్యారెల్ మీద, సిలిండర్ మీద కిరీటం బొమ్మ, దాని కింద "బీఎన్‌పీ" అనే మూడు అక్షరాలు, బ్యారెల్ మీద అదనంగా ".38 .767" అని, "3½ టన్నులు" అని ఉన్నాయి కదా. అవి సైన్యం ముద్రలు కావు. ఇంగ్లండ్‌లో తుపాకీని పౌరులకి అమ్మాలంటే ముందు ప్రూఫ్ హౌస్‌లో మామూలు కన్నా ఎక్కువ శక్తి గల తూటాతో పరీక్షించి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. ఇది బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్ర. అక్కడ ఒత్తిడిని ఇలా టన్నుల్లో చూపిస్తూ కిరీటం కింద ఈ మూడక్షరాలు వెయ్యడం 1954 నాటి నిబంధనలతో వచ్చింది. కాబట్టి ఈ రివాల్వర్ యుద్ధమయ్యాక సైన్యం వదిలించుకున్న సరుకులో బయటపడి, ఇంగ్లండ్‌లో వ్యాపారుల చేతికి వెళ్ళి, 1950ల మధ్యలోనో ఆ తర్వాతో పరీక్షకి నిలబడి, ఆ తర్వాతే ఓడెక్కింది. నాన్నగారి కాగితాల్లో పాత లైసెన్సు 1958 నాటిదని రాశారు. దానితో ఇది చక్కగా సరిపోతోంది. తాతగారు దీన్ని పద్ధతిగా డబ్బిచ్చి కొనుక్కున్నారు.

అమెరికా తుపాకీ బ్రిటిష్ సైన్యంలోకి ఎలా వచ్చిందని బాబాయిగారు అడగొచ్చు. 1940లో ఫ్రాన్స్ నుంచి వెనక్కొచ్చినప్పుడు బ్రిటిష్ సైన్యం ఆయుధాలు బోలెడు పోగొట్టుకుంది, చేతి తుపాకీలకి కూడా కరువొచ్చింది. అంతకుముందే స్మిత్ అండ్ వెసన్‌కి ఒక 9 ఎంఎం తేలికపాటి రైఫిల్ చేసిపెట్టమని పది లక్షల డాలర్లు అడ్వాన్సు ఇచ్చి ఉన్నారు. ఆ రైఫిల్ పరీక్షల్లో చతికిలబడింది, డబ్బేమో కంపెనీ ఖర్చుపెట్టేసింది. చివరికి ఆ బాకీని రివాల్వర్ల రూపంలో తీర్చుకున్నారు. తర్వాత లెండ్-లీజ్ (మిత్రదేశాలకి ఆయుధాలు సమకూర్చిన అమెరికా యుద్ధకాలపు పథకం) కింద అమెరికా ప్రభుత్వమే కొని పంపడం మొదలెట్టింది. ఫ్రేము పైపట్టీ మీద చెరిగిపోయినట్టున్న అక్షరాలు ఏమిటో చెప్పమన్నారు. అది "యూఎస్ ప్రాపర్టీ", పక్కన "జీ.హెచ్.డీ." అన్న పొడి అక్షరాలు. గై డ్రూరీ అనే అమెరికా సైనికాధికారివి, ఆయన పేరుతో సరుకు తనిఖీ అయ్యేది. లెండ్-లీజ్ సరుకు కాబట్టే వేరే దేశపు సైనికుడి నడుముకి ఉన్నా అది కాగితాల మీద అమెరికా ఆస్తే.

ఇక మార్పులు. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఇది ఎలా ఉండేదో ముందు ఊహించుకోండి. అయిదంగుళాల బ్యారెల్. దాని కుడి పక్క ".38 ఎస్ అండ్ డబ్ల్యు సీటీజీ" (స్మిత్ అండ్ వెసన్ .38 కార్ట్రిడ్జ్, అంటే తూటా) అని ఉంటుంది, "స్పెషల్" అన్న మాట ఉండదు. మెరుపు లేని, మసి రంగు ఫాస్ఫేట్ పూత. గీతల్లేని నున్నటి వాల్‌నట్ చెక్క పలకలు. పిడి అడుగున తాడు కట్టుకునే రింగు. మీ చేతిలో ఉన్నదానికి నాలుగంగుళాల బ్యారెల్, అద్దంలాంటి నికెల్, దంతంలా కనపడే ప్లాస్టిక్ పలకలు, రింగు ఉండాల్సినచోట పూడ్చేసిన చుక్క ఉన్నాయి.

నాలుగంగుళాలు చూసి షాపతను ఇది అమెరికా నేవీ వాడిన రకమని అన్నాడట. నిజమే, అమెరికా తన సైన్యానికి ఉంచుకున్న విక్టరీలు నాలుగంగుళాల బ్యారెల్‌తో, .38 స్పెషల్‌కి చేసినవే. అందుకే ఇలాంటి కోసిన బ్రిటిష్ తుపాకీని ఆ రకంగా అమ్మేయడం సులువు. మీ దాని ఎడమ పక్క ఫోటో పెద్దది చేసి చూడండి. బ్యారెల్ మీద కంపెనీ పేరు పడిన చోటు గమనించండి. ఫ్రేము నుంచి ఆఖరి అక్షరం దాకా ఉన్న ఖాళీ ఎక్కువ, మొదటి అక్షరం నుంచి మూతి దాకా ఉన్న ఖాళీ తక్కువ. ఫ్యాక్టరీవాళ్ళు పేరుని ఇలా ఒక వైపుకి జరిపి కొట్టరు. మూతి వైపు ఒక అంగుళం పోయిందన్నమాట. రెండో ఆనవాలు ముందు గురి, అంటే బ్యారెల్ కొసన గురి చూసుకునే ముక్క. అసలు అర్ధచంద్రాకారపు గురి బ్యారెల్‌తో కలిసి ఒకే ఇనుము. మీ దానికి గురి అడుగున పసుపుపచ్చటి సన్నగీత ఉంది, అక్కడ నికెల్ కూడా లేచిపోయింది. అది ఇత్తడితో వేసిన అతుకు. కోసినప్పుడు గురి పోయింది, దాన్నో మరోదాన్నో తెచ్చి అతికించారు. కుడి పక్క "సీటీజీ" ముందు "స్పెషల్" లేకపోవడంతో ఇక అనుమానమే అక్కర్లేదు, నేవీ కథ అక్కడితో సరి.

నికెల్ సంగతి. కంపెనీ తన పౌర రివాల్వర్లకి నికెల్ వేసేది, యుద్ధకాలపు విక్టరీకి వెయ్యలేదు. ఆ విషయం తెలియకపోయినా ఒక చిట్కా ఉంది. స్మిత్ ఫ్యాక్టరీలో నికెల్ తుపాకీకి కూడా హ్యామర్, ట్రిగ్గర్ మాత్రం నికెల్ లేకుండా, గట్టిపరిచిన ఉక్కు తాలూకు నీలి-గోధుమ మచ్చలతో వదిలేస్తారు. మీ దాంట్లో హ్యామర్ కూడా మెరుస్తోంది, ట్రిగ్గర్ కూడా మెరుస్తోంది. పూత వేసిన మనిషికి అన్నీ విప్పి ఒకే తొట్టిలో ముంచడం సులువు అనిపించింది. పైగా పూతకి ముందు బఫింగ్ చక్రం మీద గట్టిగానే రుద్దారు. సైడ్ ప్లేట్ అతుకు మామూలుగా వెంట్రుక కూడా దూరనంత బిగువుగా ఉండి కంటికి దొరకదు. మీ దానికి ఆ గీత కాలవలా కనపడుతోంది, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంటలు పడ్డాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన ఫోటో దగ్గరికి వద్దాం, ఫ్రేము పైభాగాన్ని పక్కవెలుతురులో తీసిందది. "యూఎస్ ప్రాపర్టీ" అక్షరాలు రుద్దుడికి సగం అరిగి, అంచులు కరిగినట్టున్నాయి. బ్యారెల్ మొదట్లో ఉన్న కిరీటం ముద్ర మాత్రం అంచులు పదునుగా నిలబడి ఉంది, కానీ దాని గీతల అడుగున కూడా నికెల్ మెరుస్తోంది. ఒకే తుపాకీ మీద రెండు ముద్రలు ఇలా ఉన్నాయంటే వరస ఇదీ: ముందు బాగా రుద్దారు, తర్వాత ప్రూఫ్ హౌస్ ముద్ర పడింది, ఆ తర్వాత నికెల్. రుద్దుడు ఇంగ్లండ్‌లోనే, అమ్మకానికి ముస్తాబు చేసేటప్పుడు జరిగింది. అప్పుడు బహుశా నల్ల పూత వేసి ఉంటారు. నికెల్ ఆ తర్వాత ఎప్పుడో వేశారు, ఈసారి పెద్దగా రుద్దకుండా. మూతి కొసని కూడా చూశాను. కోసిన అంచు మీద కూడా నికెల్ ఉంది కాబట్టి కోత నికెల్‌కి ముందే అయింది. ప్రూఫ్‌కి ముందా తర్వాతా అన్నది మాత్రం బ్యారెల్ కింది నంబరు చూడకుండా అననుగాక అనను.

నికెల్ కింద బుడగల్లా లేచిన చోట్లు కూడా మీరు గుర్తు పెట్టి చూపించారు. అది మన సముద్రం పని. నికెల్ తుప్పు పట్టదు గానీ దానికి సూదిమొనంత రంధ్రం దొరికితే చాలు, ఉప్పుగాలి లోపలికి దూరి అడుగున ఇనుముని తింటుంది, పైపూత పొక్కులా లేస్తుంది. వన్‌టౌన్‌లో హార్బరు వైపు కిటికీలున్న ఇళ్ళల్లో ఏ ఇనప సామాను చూసినా ఇదే కథ. దానికి తోడు తోలు ఒరలోనే ఏళ్ళ తరబడి ఉంచారన్నారు. తోలులో చర్మం పదును చేసిన రసాయనాలు ఉంటాయి, తేమ పీల్చి అక్కడే పట్టి ఉంచుతుంది. డీలరుకి చెప్పి ఒర వేరుగా పెట్టించండి. పొక్కులు గీకించవద్దు, ఇసుక కాగితం అసలే వద్దు, మళ్ళీ నికెల్ వేయించే ఆలోచన అంతకన్నా వద్దు. మరోసారి రుద్దితే ఈ ముద్రలన్నీ పోతాయి. పైగా తుపాకీ మీది గుర్తింపు నంబరు చెరిపేస్తే ఆయుధాల చట్టం సెక్షన్ 8 కింద అదే ఒక నేరం.

ఇప్పుడు అసలు ప్రమాదం. డబ్బాలో దొరికిన ఖాళీ కేసుల్ని ఒక తెల్ల కాగితం మీద వరసగా పెట్టి ఫోటో తీశారు చూశారూ, ఆ ఫోటో లేకపోతే నేను ఇంత ధీమాగా రాసేవాణ్ణి కాదు. అవి .38 స్పెషల్ కేసులు. అడుగు నుంచి మూడింట రెండొంతుల దాకా ఉబ్బి, అక్కణ్ణుంచి సన్నబడి ఉన్నాయి, గోలీసోడా సీసా నడుము లాగ. ఒకదానికి నిలువునా చీలిక కూడా ఉంది. మామూలు .38 స్పెషల్ కేసు పేలాక కూడా అడుగు నుంచి మూతి దాకా ఒకే లావుగా ఉంటుంది. ఇవి ఇలా ఎందుకయ్యాయి?

పేర్లలో .38 ఉమ్మడిగా ఉన్నా ఈ రెండు తూటాలూ అన్నదమ్ములు కావు. బ్రిటిష్ .380, అంటే .38 ఎస్ అండ్ డబ్ల్యు, పొట్టిగా లావుగా ఉంటుంది. కేసు పొడవు 20 మిల్లీమీటర్లకి కొంచెం తక్కువ. మీ బ్యారెల్ మీది .767 అన్నది అంగుళాల్లో ఆ కేసు పొడవే. .38 స్పెషల్ పొడుగ్గా సన్నగా ఉంటుంది, కేసే 29 మిల్లీమీటర్లు దాటుతుంది. లావులో తేడా మిల్లీమీటరులో ఆరో వంతు మాత్రమే, కంటికి ఆనదు. ఫ్యాక్టరీ చేసిన బ్రిటిష్ ఛాంబర్లో .38 స్పెషల్ పూర్తిగా దిగదు, లోపల మెట్టు అడ్డుకుంటుంది. యుద్ధం తర్వాత లక్షల్లో బయటపడ్డ ఈ రివాల్వర్లని .38 స్పెషల్‌కి అమ్ముకోవడానికి చాలా చోట్ల ఆ మెట్టుని కోసి ఛాంబర్ పొడుగు చేశారు. పొడుగు చెయ్యగలిగారు గానీ వెనక భాగాన్ని సన్నం చెయ్యలేరు కదా. దాంతో సన్నటి కేసు లావుపాటి గదిలో వదులుగా కూర్చుంటుంది. పేలినప్పుడు ఇత్తడి ఆ ఖాళీ నిండేదాకా ఉబ్బుతుంది, ముందు భాగం మాత్రం కొత్తగా కోసిన సన్నటి చోట ఉబ్బకుండా ఉండిపోతుంది. మీ కాగితం మీద ఉన్న ఆకారం అక్షరాలా అదే. బుల్లెట్ కూడా బ్యారెల్‌కి వదులే. ఈ బ్యారెల్ .361 అంగుళాల బుల్లెట్ కోసం చేసింది, .38 స్పెషల్ బుల్లెట్ .358. గురి కుదరదు.

ఇక్కడ అతిశయోక్తి చెప్పను. ఫ్రేము పగిలి ముఖం మీదికి వస్తుందని భయపెట్టేవాళ్ళుంటారు. కంపెనీ రెండు తూటాలకీ ఒకే ఫ్రేము వాడింది, ఉక్కు మంచిదే. నా భయం కేసు చీలడం గురించి. చీలిన కేసులోంచి వేడి గ్యాసు వెనక్కి, పక్కలకి చిమ్ముతుంది. పేల్చేవాడి కళ్ళు దానికి మూరెడు దూరంలో ఉంటాయి. అదీగాక "3½ టన్నులు" అన్న ప్రూఫ్ ముద్ర .767 కేసుకి ఇచ్చిన హామీ. ఛాంబర్ కోసిన క్షణం నుంచి ఆ హామీ చెల్లదు. ముద్ర ఇంకా పాత కొలతే చెబుతోంది కాబట్టి ఆ కోత ప్రూఫ్ తర్వాతే జరిగింది. ఎక్కడ, ఎవరు అన్నది తుపాకీ చెప్పదు. ఇంగ్లండ్‌లో పేరున్న వ్యాపారులు ఈ మార్పు చేసినప్పుడు మళ్ళీ కొత్త తూటాకి ప్రూఫ్ చేయించేవారు, ఇక్కడ అది కనపడటం లేదు.

డీలరు దగ్గర ఖాళీ సిలిండర్ని బయటికి తెరిచి, వెనక తెల్ల కాగితం పెట్టి, ముందు వైపు నుంచి ఛాంబర్లలోకి చూడమనండి. గోడ మీద రెండు వలయాలు కనపడాలి. వెనక నుంచి ముప్పాతిక అంగుళం దగ్గర ఒకటి, పాత మెట్టు ఉన్న చోటు. అంగుళం దాటాక రెండోది, కొత్తది. ఆరింటిలోనూ కనపడితే నేను చెప్పినది ఖాయం. ఫోటో కూడా అక్కర్లేదు, ఆయన మాట చాలు.

.380 తూటా దొరికితే అదైనా పేల్చవచ్చా అని మీ తర్వాతి ప్రశ్న వస్తుందని తెలుసు. వద్దు. పాత హ్యామర్ భద్రత, అతికించిన గురి, చెల్లని ప్రూఫ్, పొక్కులు లేచిన లోహం. జ్ఞాపకంగా ఉంచుకోవడానికి చట్టం దారి చూపిస్తే ఉంచుకోండి.

ఆ చట్టం సంగతి కూడా రెండు మాటల్లో. "ఎనభై ఏళ్ళ పాతది కాబట్టి పురాతన వస్తువు, లైసెన్సు అక్కర్లేదు" అని మీకు ఎవరో చెప్పారట. తప్పు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45 పాత కాలపు, పురావస్తు విలువ గల లేదా పాడైపోయిన ఆయుధాలకి మినహాయింపు ఇస్తుంది గానీ, మరమ్మతు చేసినా చెయ్యకపోయినా తుపాకీగా పనికిరానివాటికే. మీది నిక్షేపంగా పేలుతుంది. రెండోది, .380 లేదా .455 రిమ్ (అడుగున అంచు ఉన్న) తూటాలు, సైన్యం వాడే 9 ఎంఎం, .45 తూటాలు పట్టి పేల్చగల ఏ పిస్తోలైనా రివాల్వరైనా నిషిద్ధ బోరు కిందికే వస్తుంది. మన దగ్గర మామూలు లైసెన్సుదారులు .32 రివాల్వర్లే కొంటూ ఉండటం వెనక ఉన్న కారణం అదే. .38 స్పెషల్‌కి మార్చారు కాబట్టి నిషిద్ధం కాదనే వాదన నిలవదు, పాత పొట్టి తూటా ఇప్పటికీ ఇందులో దిగుతుంది. నిషిద్ధ బోరు విషయం కేంద్ర హోంశాఖ దాకా వెళ్తుంది. వారసుడిగా మీరు దరఖాస్తు పెట్టాల్సింది మాత్రం ఇక్కడే. నగర పరిధి కాబట్టి పోలీస్ కమిషనర్ కార్యాలయంలో, నాన్నగారి లైసెన్సు, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రాలు, డిపాజిట్ రసీదుతో.

దరఖాస్తులో తుపాకీ వివరం ఎలా రాయాలన్నది జాగ్రత్తగా చూసుకోండి. పాత లైసెన్సులో "వెబ్లీ .38" అని ఉందని, బాబాయిగారి నమ్మకానికి మూలం కూడా అదేనని నా అనుమానం. ఆ రోజుల్లో గుమాస్తాలు చేతి తుపాకీ కనపడితే వెబ్లీ అని రాసేసేవారు. పుస్తకంలో ఒక కంపెనీ, తుపాకీ మీద ఇంకో కంపెనీ ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. అలా ఉంటే డీలరు చేత కంపెనీ పేరు, నంబరు, ఉన్న బ్యారెల్ పొడవు, బోరు రాయించి సంతకంతో ఒక తనిఖీ పత్రం తీసుకుని, తేడాని మీరే ముందుగా దరఖాస్తులో చెప్పండి. బ్యారెల్ పొట్టి చెయ్యడానికి కూడా లైసెన్సు ఉండాలని అదే చట్టం సెక్షన్ 6 అంటుంది. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 1962లో. నికెల్, కోత మీ ఇంటికి రాకముందువే అయితే మీకు తలనొప్పి లేదు. తాతగారు ఉండగా తీసిన ఫోటో ఒకటి గోడ మీద ఉందన్నారు కదా, నడుముకి ఒరతో. ఆ ఒర పొడవు, ఫోటో వెనక తేదీ ఉంటే అవీ రాయండి. అయిదంగుళాల బ్యారెల్‌కి కుట్టిన ఒరలో నాలుగంగుళాల తుపాకీ అడుగుకి ఆనదు, లోపలి తోలు మీద మూతి రాసుకున్న గుండ్రటి మచ్చ ఎక్కడుందో చూస్తే తెలిసిపోతుంది.

ధర గురించి షాపతను చెప్పిన అంకె నమ్మకండి. సేకరించేవాళ్ళు డబ్బు పెట్టేది మసి రంగు పూతతో, చెక్క పలకలతో, రింగుతో, అయిదంగుళాల బ్యారెల్‌తో ఉన్నవాటికి. కోసి, పొడుగు చేసి, నికెల్ వేసినదానికి అందులో చిన్న భాగం కూడా రాదు. పైగా నిషిద్ధ బోరు కావడంతో కొనగలిగినవాళ్ళే అతి కొద్దిమంది.

నాకు ఇంకా కావాల్సినవి రెండే. డీలరు చేత ప్లాస్టిక్ పలకలు విప్పించి, లోపల ఫ్రేము మీద ఏమైనా ముద్రలుంటే ఫోటో తీయించండి. పాత చెక్క పలకలు ఇంట్లో ఏ డబ్బాలోనైనా దొరికితే కుడి పలక లోపలి వైపు చూడండి, కంపెనీవాళ్ళు అక్కడ కూడా నంబరు వేసేవారు. రెండోది, సిలిండర్ తెరిచినప్పుడు బ్యారెల్ అడుగున, ఎజెక్టర్ రాడ్ దాక్కునే పల్లంలో ఒక నంబరు ఉంటుంది. సిలిండర్ వెనక ముఖం మీది నంబరు పిడి నంబరుతో కలుస్తోందని ఫోటోలో చూశాను. బ్యారెల్ అడుగుది కూడా అదే అయితే అసలు బ్యారెల్‌నే కోశారు. వేరే నంబరుంటే అది ఇంకో విక్టరీ నుంచి తెచ్చి బిగించింది, అప్పుడు కిరీటం ముద్ర గురించి నేను పైన వేసిన వరసని ఇంకోసారి చూడాలి.